కార్యదర్శిగారి ఇంట్లో జారుడు నేల

గూడూరు,
మార్చి 11.

చిరంజీవి రోజారమణికి నీ వదిన ధనలక్ష్మి దీవెనలు.

ఈ నెలలో నీ ఫోన్‌కు పదకొండు సార్లు చేశాను. పదకొండు సార్లూ నా తమ్ముడు ప్రసాదే ఎత్తాడు. ఏడుసార్లు నువ్వు స్నానం చేస్తున్నావట, మూడుసార్లు నిద్రపోతున్నావట, ఒకసారి దేవుడి దగ్గర కూర్చున్నావట. ఇంత శుభ్రం, ఇంత విశ్రాంతి, ఇంత భక్తి ఒక్క ఆడమనిషికి ఎలా కుదిరాయో నాకు అర్థం కాలేదు. అందుకే బడి వదిలిన ఇన్నేళ్లకు కాగితం, కలం పట్టుకున్నాను. మార్కెట్‌లో నిమ్మకాయలు ఏరే బల్ల మీదే పెట్టి రాస్తున్నాను. అక్కడక్కడ మరకలుంటే అవి నిమ్మరసమే, బెంగపడకు.

మొన్న పేపర్లో ప్రసాద్ ఫొటో వేశారు. మా ఆయన, అదే మీ హజరత్తయ్య అన్నయ్య, పైకి చదివి వినిపించారు. మత్స్యకార సంఘం కార్యదర్శిగారు మహిళా దినోత్సవ సభలో ‘ఆడబిడ్డ కంట తడి పెట్టిన ఇల్లు ఇల్లే కాదు’ అని ఉద్వేగంగా మాట్లాడారట. సభలో కొందరు కళ్లు తుడుచుకున్నారట. ముందు వరసలో నువ్వున్నావు. నువ్వు తుడుచుకోలేదు. మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుని, పైన శాలువా కప్పుకుని కూర్చున్నావు. మార్చి ఎండలో, సముద్రపు ఉక్కలో! పెళ్లి జాకెట్టుకు చేతులు రెండంగుళాలు పొడుగు కుట్టాడని టైలరుతో పోట్లాడిన పిల్లవి నువ్వు. ఇప్పుడు ఇదేం ఫ్యాషనమ్మా?

సంక్రాంతి నెలలో బాత్‌రూమ్‌లో జారావని, ఫిబ్రవరిలో మెట్ల మీద జారావని వాడే చెప్పాడు. ఆ ఇంట్లో వాడు జారలేదు, అమ్మ జారలేదు, పదకొండేళ్ల నీ బిడ్డ సుప్రియ జారలేదు. ఆ నేలకు నీ మీదే ఎందుకంత పగ?

జవాబు రాయి. నువ్వే రాయి.

వదిన ధనలక్ష్మి

*

పాళెం, తోటపల్లి గూడూరు మండలం,
మార్చి 18.

పూజ్యులైన వదినగారికి రోజారమణి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఆయనే విప్పి, చదివి, బాగుందని చెప్పి నాకిచ్చారు. ఇక్కడ అందరం క్షేమం. ఆయన నన్ను ఎంత బాగా చూసుకుంటున్నారో రాయడానికి ఈ కాగితం చాలదు. ఫోన్ చూస్తే కళ్లు పాడవుతాయని నా ఫోన్‌ను కూడా తన జేబులోనే పెట్టుకుంటున్నారు. ఎండ తగులుతుందని కూరగాయలు తనే తెస్తున్నారు. దొంగల భయం ఉందని ఇంట్లో మూడు కెమెరాలు పెట్టించారు. ఒకటి వరండాలో, ఒకటి వంటింట్లో, ఒకటి నేను కూర్చునే మంచానికి ఎదురుగా. దొంగలు వస్తే ముందు పొయ్యి దగ్గరికే వస్తారని ఆయన అంచనా.

రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పనిచేసేటప్పుడు నా చేతులు పాడయ్యాయని అప్పట్లో ఉద్యోగం మాన్పించారు కదా. ఇప్పుడు చేతులు చాలా బాగున్నాయి. చెన్నైలో ఉన్న మా నాన్నతో మాట్లాడిన రోజు కూరలో ఉప్పు ఎక్కువవుతోందని ఆయన గమనించారు. అందుకని అది కూడా తగ్గించాం. ఉప్పు సరిపోతోంది.

జాకెట్టు చేతుల సంగతి అడిగారు. ఫ్యాషనే వదినా.

అత్తయ్య మిమ్మల్ని అడిగినట్టు రాయమన్నారు.

మీ మరదలు
రోజారమణి

అక్కా, రోజా రెండు అక్షర దోషాలు చేసింది, దిద్దినాను. ఈ కాలంలో ఉత్తరాలేంది? ఏమన్నా ఉంటే నాకే ఫోన్ చెయ్యి. – ప్రసాద్

*

పాళెం,
మార్చి 21.

వదినకు,

ఇది అసలు ఉత్తరం. మీ తమ్ముడు దీన్ని దిద్దలేదు కాబట్టి తప్పులుంటే క్షమించండి. మా ఊరి ఆశా కార్యకర్త అబిగయీలు అక్క అత్తయ్యకు బీపీ చూడటానికి వారానికోసారి వస్తుంది. బీపీ మిషను సంచిలో దీన్ని పెట్టి పంపిస్తున్నాను. మీరు కూడా ఇకమీదట ఆమె ఇంటి అడ్రసుకే రాయండి. కింద రాశాను.

మొన్నటి ఉత్తరంలో అబద్ధమేమీ లేదు. కెమెరాలు ఉన్నాయి, ఫోన్ లేదు, ఉప్పు సరిపోతోంది. జాకెట్టు చేతుల మాట ఒక్కటే అబద్ధం. మోచేతి దగ్గర కమిలింది. శాలువా మాత్రం నిజంగా సన్మానం శాలువానే. సభ మొదలవక ముందే నాకు కప్పి, ‘ఇది తియ్యబాక’ అన్నారు.

కానీ మీరు అనుకుంటున్నట్టు అది కొట్టడం కాదు వదినా. తోశారు. తలుపు తగిలింది. మెట్ల దగ్గర కూడా అంతే, చెయ్యి పట్టుకుని లాగారు, నేను పట్టు తప్పాను. ఆయనకు సంఘం పనుల్లో తలనొప్పులు ఎక్కువ. పదిమంది గొడవలు తీర్చి ఇంటికొస్తారు. నేను కూడా సమయం చూసి మాట్లాడను. తర్వాత ఆయనే మందు రాస్తారు. రాస్తూ ఏడుస్తారు కూడా. ఏడ్చే మనిషి చెడ్డవాడెలా అవుతాడు?

అత్తయ్య అంటారు: ‘మీ మామ కొట్టినదాంట్లో ఇది కాలు వంతు గూడా కాదు. నువ్వు అదృష్టవంతురాలివి మే.’ నాకంటే అదృష్టవంతురాలు ఈ పాళెంలో ఇంకెవరైనా ఉన్నారేమోనని అప్పుడప్పుడు వెతుక్కుంటూ ఉంటాను.

ఎవరికీ చెప్పకండి. మీకు రాశాక కాస్త తేలిగ్గా ఉంది, అంతే.

రోజా

*

గూడూరు,
మార్చి 30.

రోజాకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి చదవలేక ఇది రాస్తున్నాను.

ఇన్నేళ్లూ నీ దగ్గర దాచిన మాట ఒకటి ఉంది. సుప్రియ బారసాలకు వచ్చినప్పుడు నీ కింది పెదవి వాచి ఉండటం నేను చూశాను. ‘ఏమైంది?’ అని నా నోటిదాకా వచ్చింది. అడిగితే నువ్వు చెప్పేస్తావేమోనని భయమేసింది. చెబితే నేను ఏదో ఒకటి చెయ్యాలి. అందుకని మజ్జిగ తాగి, పాయసం బాగుందని మెచ్చుకుని, గూడూరు బస్సెక్కాను. పదకొండేళ్లుగా ఆ పాయసం నాకు అరగలేదు.

మా చిన్నప్పుడు మా అమ్మ కూడా జారిపడేది. మా ఇంటిది ఇసక నేల. ఇసకలో జారిపడే మనిషిని నువ్వెక్కడైనా చూశావా? మేము చూశాం. నాన్న వల ఖాళీగా వచ్చిన రోజు అమ్మ జారేది. వల నిండా వచ్చి, తాగి వచ్చిన రోజు కూడా జారేది. ప్రసాద్ అప్పుడు నా వెనక నక్కి నా పావడా పట్టుకుని వణికేవాడు. ‘నేను పెద్దయినాక ఎవుర్నీ కొట్టను అక్కా’ అనేవాడు. అందుకే వాడిని అనడానికి నాకు నోరు రాలేదు. వణికినవాడు వణికించడనుకున్నాను.

తోస్తే తలుపు తగిలిందన్నావు. తలుపు తనంతట తను నడిచొచ్చిందా? చెయ్యి పట్టి మెట్ల మీద లాగడం కొట్టడమే. ఫోన్ జేబులో పెట్టుకోవడం, పుట్టింటి మాట ఆపడం, ఉద్యోగం మాన్పించడం, నువ్వు కూర్చునే మంచం మీద కన్ను వెయ్యడం, ఇవన్నీ అదే జాతివి. దెబ్బ ఒకటే పైకి కనబడుతుంది. ఏడవడం గురించి నన్ను అడగకు. మా నాన్న ఏడ్చినంత అందంగా ఈ జిల్లాలో ఎవరూ ఏడ్చి ఉండరు.

తప్పు నీది కాదు. సమయం చూసి మాట్లాడకపోవడం నేరమైతే మీ అన్నయ్య నన్ను ఈపాటికి ఉరి తీసి ఉండాలి.

ధనలక్ష్మి

*

పాళెం,
ఏప్రిల్ 29.

వదినకు,

మీ ఉత్తరం చదివి మీ మీద కోపం వచ్చింది. నా సంసారాన్ని మీ నాన్న సంసారంతో పోలుస్తారా అని మూడు వారాలు జవాబు రాయలేదు. ఇప్పుడు ఆ కోపం పోయింది. ఎలా పోయిందో చెబుతాను.

వేట నిషేధం మొదలైంది. చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని రెండు నెలలు పడవలు దించకూడదు. సముద్రంలో ఆడచేపకు ప్రభుత్వం అరవై ఒక్క రోజులు రక్షణ ఇచ్చింది. దానివల్ల మగవాళ్లంతా అరవై ఒక్క రోజులు ఇళ్లలోనే ఉంటారు. మా ఇంట్లో ఏమై ఉంటుందో మీరే ఊహించుకోండి.

అబిగయీలు అక్క ‘పెద్దమనిషి దగ్గర ఒక మాట చెప్పి చూడు’ అంది. మా ఊరి పెద్ద జయరామయ్య మామ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన ‘అయ్యో’ అన్నారు. ఆదివారం పంచాయితీ పెట్టారు. అక్కడికి వెళ్లాక తెలిసింది, సంసారపు గొడవల పంచాయితీలో తీర్మానాలు రాసేది సంఘం కార్యదర్శేనట. పదేళ్లుగా అదే ఆచారమట. మీ తమ్ముడు తెల్లచొక్కా వేసుకుని, పుస్తకం తెరిచి, నా పేరూ తన పేరూ గుండ్రంగా రాసుకుని కూర్చున్నారు.

‘ఏందబ్బయా గొడవ?’ అన్నారు జయరామయ్య మామ.

‘ఏం లేదు మామా. అన్నం ఆలస్యమైందేందని అడిగినా. ఎదురు మాట్లాడింది. చెయ్యి అట్టా పొయ్యి తగిలింది.’

‘చెయ్యి ఎవురిది?’ అని వెనక నుంచి అబిగయీలు అక్క అడిగింది.

‘సంఘంలో సభ్యత్వం లేనోళ్లు మాట్లాడగూడదమ్మా’ అని మీ తమ్ముడు చాలా మర్యాదగా చెప్పారు.

‘నువ్వేమంటావు మే?’ అని మామ నన్ను అడిగారు. నేను నోరు తెరిచాను. మీ తమ్ముడు కలం పట్టుకుని, రాసుకోవడానికి సిద్ధంగా నా వైపే చూస్తున్నారు. తెరిచిన నోరు మూసుకున్నాను. ‘భార్య వాదన: ఏమీ లేదు’ అని రాసుకున్నారు.

తర్వాత తీర్మానం చదివారు. అది నాకు కంఠతా వచ్చేసింది. ‘ఇరువురి వాదనలు విన్న పిమ్మట, భర్త ఇకపై కోపం వచ్చినప్పుడు పది అంకెలు లెక్కపెట్టవలెననియు, ఆ పది పూర్తయ్యేలోగా కోపకారణమును భార్య తొలగించవలెననియు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.’ అందరూ చప్పట్లు కొట్టారు. నాతో సంతకం పెట్టించారు.

మీ తమ్ముడు మాట తప్పే మనిషి కాదు. ఇంటికొచ్చాక తలుపు వేసి పది లెక్కపెట్టారు. మైకు ముందు మాట్లాడినట్టు ఒక్కో అంకె స్పష్టంగా పలికారు. పది అంకెల్లో ఏ కారణం తొలగించాలో నాకు తోచలేదు. పదకొండోది నా చెంప మీద పడింది.

అంకెలు లెక్కపెట్టగలిగిన మనిషికి కోపం ఆపుకోలేకపోవడం అనేది ఉండదు వదినా. జయరామయ్య మామ మీద ఆయనకు ఎంత కోపం వచ్చినా ఎప్పుడూ చెయ్యి ‘అట్టా పొయ్యి’ తగల్లేదు. నా దగ్గరే తగులుతుంది. ఇది నాకు తట్టడానికి పదమూడేళ్లు పట్టింది.

ఇప్పుడు ఏం చెయ్యాలో తెలియదు.

రోజా

*

గూడూరు,
మే 6.

రోజాకు,

మార్కెట్‌కు సెలవు పెట్టి నెల్లూరు వెళ్లాను. ఆడవాళ్ల కోసం సఖి కేంద్రం ఉందని విన్నాను. గుమ్మం దగ్గర అరగంట అటూ ఇటూ తిరిగి లోపలికి వెళ్లి, ‘మా పక్కింటామె కోసం వచ్చినానమ్మా’ అన్నాను. అక్కడి మేడమ్ నవ్వలేదు. కుర్చీ చూపించింది. పక్కింటివాళ్ల కోసం వచ్చేవాళ్లు ఆమెకు కొత్త కాదేమో.

‘ఆమెకు ఫోన్ చేస్తే ఎవరెత్తుతారమ్మా?’ అని అడిగింది. చెప్పాను. ‘తన చేతికి రూపాయి వస్తుందా? ఎవరింటికైనా ఒంటరిగా వెళ్లగలదా?’ చెప్పాను. ‘ఆయన అడుగుల చప్పుడు వింటే ఆమె ఏం చేస్తుంది?’ అంది.

‘గిన్నెలు సర్దేస్తది, పిల్లోళ్లని వాకిట్లోకి పంపించేస్తది’ అన్నాను. అని ఆగిపోయాను. అది నీ సంగతి కాదు, నేనెప్పుడూ చూడలేదు. మా అమ్మ సంగతి చెబుతున్నాను. నలభై ఆరేళ్ల దాన్ని ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చాను. మేడమ్ మంచినీళ్లిచ్చి, ‘ఇప్పుడు పక్కింటామె సంగతి చూద్దాం’ అంది.

ఆమె చెప్పినవి ఇవి. గృహహింసకు వేరే చట్టం ఉంది. రక్షణాధికారి అని ఒకరుంటారు, నువ్వు చెప్పింది రాసుకుని మేజిస్ట్రేటు ముందు పెడతారు. వాడు నీ దరిదాపుల్లోకి రాకూడదని కోర్టు చెప్పగలదు. వకీలును ఉచితంగా ఇస్తారు. తలదాచుకోవడానికి ఆ కేంద్రంలోనే కొన్నాళ్లు చోటుంటుంది, పిల్లతో సహా. ఎప్పుడైనా 181కి ఫోన్ చెయ్యొచ్చు. ప్రాణం మీదికి వస్తే 112. అబిగయీలు ఫోన్ నుంచే చెయ్యి.

‘ఆమెను వచ్చేయమని మీరు తొందర పెట్టొద్దు’ అని కూడా చెప్పింది. ‘ఇన్నాళ్లూ ఒకరి మాట ప్రకారం బతికింది. ఇప్పుడు మీ మాట ప్రకారం బతకకూడదు.’ కాబట్టి తొందర పెట్టను. నాకు ఎంత కష్టంగా ఉందో మీ అన్నయ్యకు తెలుసు, ఆయనే వింటున్నారు.

నీ ఆధారు, ల్యాబు సర్టిఫికెట్లు, సుప్రియ బడి కాగితాలు ఒక్కొక్కటిగా అబిగయీలు ఇంటికి చేర్చు. బీపీ మిషను సంచిలో ఇంకా చోటుందటగా.

ధనలక్ష్మి

*

పాళెం,
మే 26.

వదినా,

నిన్న గొంతు పట్టుకున్నారు. రెండు చేతులతో.

టీవీలో ఏదో చూసి సుప్రియా నేనూ నవ్వాం. తన గురించేమో అనుకున్నారు. అంకెలు లెక్కపెట్టలేదు. కళ్లు మసకలయ్యాయి. సుప్రియ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. వదిలేశాక ‘చూడు, పిల్లను ఎట్టా భయపెట్టినావో’ అని నన్నే అన్నారు.

ఈరోజు మింగుతుంటే నొప్పిగా ఉంది. గొంతు మారిపోయింది. అబిగయీలు అక్క చూసి, ఇది పోస్టులో వెయ్యనని, తనే బస్సెక్కి మీ చేతికిస్తానని అంటోంది.

నేను పోతే సంతాప సభలో మైకు ముందు ఎవరు మాట్లాడతారో నాకు తెలుసు. చాలా బాగా మాట్లాడతారు. ఆ సభ జరగకూడదు.

నేను వచ్చేస్తాను. ఎలాగో చెప్పండి.

రోజా

*

గూడూరు,
మే 26. మధ్యాహ్నం.

రోజా,

అబిగయీలు నా ఎదురుగానే కూర్చుంది. మేడమ్‌తో ఫోన్‌లో మాట్లాడాం. గొంతు పట్టుకున్నవాడు రెండోసారి వదలకపోవచ్చని ఆమె అంది. రేపే.

రేపు పదకొండింటికి తోటపల్లి గూడూరులో డ్వాక్రా మహిళలకు సదస్సట. ప్రసాద్ ముఖ్య అతిథి. అంశం ‘మహిళల భద్రత – మన బాధ్యత’. నీ భద్రతకు వాడు చేస్తున్న మొదటి ఉపకారం ఇదే, కనీసం రెండు గంటలు మాట్లాడతాడు. ఆ వేళకు అబిగయీలు ఆటోతో చెరువుల దారి మలుపులో ఉంటుంది. నువ్వూ సుప్రియా ఏమీ తీసుకోకుండా, ఆస్పత్రికని రండి. వాడికి చెప్పొద్దు, ఉత్తరం పెట్టొద్దు, చివరి మాట అనాలని చూడొద్దు. ఈలోపు ఏమైనా జరిగితే సదస్సు కోసం ఆగకు, అరుస్తూ వీధిలోకి వచ్చెయ్, 112కి అబిగయీలు చేస్తుంది. నెల్లూరు బస్టాండులో నేనుంటాను. మీ అన్నయ్య కూడా ఉంటారు.

ధనలక్ష్మి

*

నెల్లూరు,
జూన్ 12.

వదినకు,

మీరు గూడూరు వెళ్లిపోయాక, సఖి కేంద్రం నుంచి మారిన ఈ హాస్టల్ గదిలో నాకూ సుప్రియకూ ఇదే మొదటి వారం. కొత్త ఫోన్ కొనిచ్చారు గానీ, కొన్ని మాటలు ఫోన్‌లో చెప్పలేను. బస్టాండులో మిమ్మల్ని చూశాక నాకు ఏడుపు తప్ప మాట రాలేదు. ఆరోజు ఇంట్లో ఏం జరిగిందో మీకు చెప్పనేలేదు.

పొద్దున మీ తమ్ముడు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని బయల్దేరారు. కెమెరాల సంగతే నా భయం. వేదిక మీద కూడా ఫోన్‌లో చూస్తూనే ఉంటారు. పదిన్నరకు అత్తయ్య స్నానం చేసి, తడిచీర తెచ్చి వరండాలో కెమెరా మీద ఆరేసింది. పెరట్లో దండెం ఖాళీగానే ఉంది.

నేను చెప్పులు వేసుకుంటున్నాను. ‘యాడికి పోతుండావు?’ అంది.

‘ఆస్పత్రికి అత్తా. గొంతు నొప్పి.’

‘బిడ్డెందుకు?’

నేను సుప్రియ చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా మెడ వైపు చూసింది. చాలాసేపు చూసింది. ‘నాకు పొయ్యి మీద పులుసుండాది. నేను లోపలికి పోతుండా’ అంది. ఆ రోజు పులుసు పెట్టనేలేదు వదినా, పొయ్యి ఆర్పేసింది నేనే.

సుప్రియ ఆటో ఎక్కేదాకా నా చెయ్యి వదల్లేదు. దారిలో సదస్సు జరిగే హాలు ముందు నుంచే వెళ్లాం. మైకు వినిపిస్తోంది. ‘ప్రతి ఆడబిడ్డా ధైర్యంగా గడప దాటాల’ అంటున్నారు. మేము దాటుతూనే ఉన్నాం. అబిగయీలు అక్క ముఖం సంచిలో పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బస్సెక్కేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

డాక్టరమ్మ మెడ మీద గుర్తులు ఫొటోలు తీసింది. రక్షణాధికారి అడిగినవన్నీ చెప్పాను. ‘తలుపు తగిలింది’ అని మొదలుపెట్టి, ఆగి, ‘నా భర్త ప్రసాద్ నన్ను తలుపు మీదికి తోశాడు’ అని చెప్పాను. ఆ ఒక్క వాక్యం పలకడానికి ఎంతసేపు పట్టిందో. ఆమె కలం పట్టుకుని ఓపిగ్గా కూర్చుంది. అలా కూర్చునే కలం కూడా ఉంటుందని నాకు తెలియదు.

నిన్న తలుపు గట్టిగా పడితే సుప్రియ మంచం కింద దూరింది. నేనూ దాని పక్కన దూరాను. కాసేపటికి ఇద్దరం బయటికొచ్చాం.

రోజా

*

గూడూరు,
ఆగస్టు 4.

రోజాకు,

నిన్న ప్రసాద్ వచ్చాడు, వెంట జయరామయ్య మామ. నీ అడ్రసు కోసం. నేను చెప్పలేదు. నువ్వు సాయంత్రం కొత్త ల్యాబు పని నుంచి వచ్చేటప్పుడు ఒంటరిగా రాకు, ముందు ఆ మాట.

వాడు ఏడ్చాడు. మా నాన్నంత బాగా రాలేదు గానీ, వస్తుంది. ‘అక్కా, నువ్వు నా రక్తం. నా మీద సాచ్చం చెప్తావా?’ అన్నాడు.

‘నీ మీద కాదురా. చూసింది చెప్తా’ అన్నాను.

‘నువ్వేం చూసినావు? గూడూరులో కూసోని?’

‘బారసాల నాడు దాని పెదవి చూసినా. అంతకుముందు నా పావడా పట్టుకోని వణికిన పిల్లోడ్ని చూసినా. వాడు యాడికి పొయినాడో తెలియక ఇన్నేళ్లు వెతుక్కున్నా.’

వాడు తల దించుకున్నాడు. ఒక్క క్షణం నాకు ఆ పిల్లవాడు కనబడ్డాడనే అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అంతలోనే తలెత్తి, ‘నా పరువు తీసినారు, ఇద్దురూ’ అన్నాడు. జయరామయ్య మామ నా వైపు తిరిగి, ఇంటి విషయం కోర్టుకెక్కితే మత్స్యకారుల ఐక్యత దెబ్బతింటుందని చెప్పాడు. ఐక్యత నీ మెడ మీద ఆధారపడి ఉందని మనకిన్నాళ్లూ తెలియదు.

మీ అన్నయ్య టీ తెచ్చి వాళ్ల ముందు పెట్టారు. ఆయన గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. నిన్న కూడా మెల్లగానే అన్నారు. ‘టీ తాగి పొండి. సాచ్చం మాత్రం ఆమె చెప్తాది.’

చుట్టాలు నన్ను ఫోన్‌లో కుటుంబం గ్రూపు నుంచి తీసేశారు. రోజూ తెల్లారకముందే వచ్చే గులాబీపూలు ఆగిపోయాయి. ప్రాణం హాయిగా ఉంది. కానీ నిజం చెప్పాలంటే నిన్న వాళ్లు వెళ్లాక అన్నం సయించలేదు. వాడు నాకు తమ్ముడే కదా.

రక్షణాధికారి పాళెం వెళ్లి మా అమ్మను అడిగితే ‘నాకు చెవుడమ్మా, ఏమీ ఇనబడదు’ అందట. సముద్రంలో పడవ చప్పుడు విని అది ఎవరి పడవో చెప్పే మనిషి మా అమ్మ.

ధనలక్ష్మి

*

నెల్లూరు,
నవంబరు 16, ఆదివారం.

వదినకు,

కోర్టు ఉత్తర్వు వచ్చింది. ప్రసాద్ నన్ను గానీ, సుప్రియను గానీ కలవకూడదు, ఫోన్ చెయ్యకూడదు, ల్యాబు వైపు, బడి వైపు రాకూడదు. మాకు నెలనెలా ఖర్చులివ్వాలి. కేసు ఇంకా నడుస్తుంది. మీరు బోనులో నిలబడి బారసాల సంగతి చెప్పినప్పుడు మీ గొంతు వణికింది, కానీ ఆగలేదు. ఆరోజు మీకు థాంక్స్ చెప్పబోతే ‘ఊరుకో’ అన్నారు. అందుకని ఇప్పుడు రాస్తున్నాను. మీరు వద్దనడానికి వీల్లేదు.

సంఘం వాళ్లు ప్రసాద్‌ను కార్యదర్శి పదవి నుంచి తీసేశారట. ఊరంతా మెచ్చుకుంది. తీసేసి గౌరవ సలహాదారును చేశారట. కొత్త కుర్చీ పాతదానికంటే పెద్దదని అబిగయీలు అక్క చెప్పింది. తీర్మానాలు ఇప్పుడు జయరామయ్య మామ అల్లుడు రాస్తున్నాడట.

నేను మళ్లీ చెరువు నీళ్లు పరీక్ష చేస్తున్నాను. చేతులకు మందుల వాసన వస్తుంది. మొదటి నెల రైతులు సీసాలు గట్టిగా బల్ల మీద పెడితే ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు ‘మెల్లగా పెట్టండి అన్నా’ అంటున్నాను. పెడుతున్నారు.

అసలు సంగతి ఇది. ఈ ఉదయం తలుపు తడితే తీశాను. అత్తయ్య. చేతిలో ఒక సంచి. ఎడమ చెయ్యి కొంగులో దాచుకుని ఉంది. అబిగయీలు అక్క బస్సెక్కించిందట.

‘ఏమైంది?’ అన్నాను.

ఆమె గుమ్మంలోనే నిలబడింది. సంచి గోడకు ఆనించింది. తర్వాత, ‘వాడు నన్ను కొట్టినాడు’ అంది.

మామ దెబ్బల లెక్క చెప్పిందే గానీ, పదమూడేళ్ల కాపురంలో ఆ మాట ఆమె నోట ఫిర్యాదుగా నేను వినలేదు. మీరు కూడా విని ఉండరు. సుప్రియ మంచినీళ్లు తెచ్చింది. నాకు మాత్రం జాలి కంటే ముందు కోపం వచ్చింది వదినా, మీ దగ్గర దాచను. ‘నన్ను కొట్టేటప్పుడు గోడకవతలే కూర్చున్నావు గదా అత్తా. ఒక్క మాట ఎందుకు పలకలేదు?’ అని అడిగేశాను.

ఆమె నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. ‘నీ మాట చెప్తే, నా మాట గూడా చెప్పాల్సొస్తాది మే’ అంది. ‘నాది యాడ మొదులు పెట్టాలో నాకు తెలవలా.’

నేను ఆమెను క్షమించానో లేదో నాకు తెలియదు. ఆస్పత్రికి తీసుకెళ్లాను. మణికట్టు ఎముక చిట్లిందన్నారు. కట్టు కట్టించి తీసుకొచ్చాను. హాస్టల్ ఆవిడతో మాట్లాడి, రెండు రోజులకు చాప వేశాను. మధ్యాహ్నం అన్నం కలిపి పెడుతుంటే మెల్లగా అడిగింది. ‘నువ్వు పొయినావే, ఆ మేడమ్... ముసిలోళ్లు చెప్పినా రాసుకుంటదా?’

రాసుకుంటుందన్నాను. మొగుడి సంగతైనా, కొడుకు సంగతైనా రాసుకుంటుందన్నాను. ‘అయితే పెద్దది గూడా ఉంటే బాగుండు’ అంది. మిమ్మల్నే.

పోస్టులో రేపటికి అందదు గనుక దీన్ని ఫొటో తీసి మీ ఫోన్‌కు పంపుతున్నాను. రేపు పదింటికి మేడమ్ దగ్గరికి వెళ్దామనుకుంటున్నాం. మీరు పొద్దున బండికి వస్తే ముగ్గురం కలిసి వెళ్దాం. ఆమెకు చెప్పడం అలవాటు లేదు, చాలాసేపు పట్టొచ్చు. మార్కెట్‌కు రోజంతా సెలవు పెట్టి రండి.

రోజారమణి